పొట్ట తగ్గాలి, కండ పోకూడదు: తిండి, బరువులు, నడక మూడూ ఎలా కుదుర్చుకోవాలి

"అన్నం మానేశాను, రోజూ గంట నడుస్తున్నాను, ఆరు కేజీలు తగ్గాను. కానీ పొట్ట అలాగే ఉంది, చేతులు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. ఇంకేం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

నాకూ ఇదే జరిగింది. మొదటిసారి మూడు నెలల్లో తొమ్మిది కేజీలు తగ్గాను, బరువు అనేది ఒక్కసారి కూడా ఎత్తకుండా. చొక్కా భుజాల దగ్గర వదులైంది, పొట్ట దగ్గర గుండీ మాత్రం అంతకుముందులాగే బిగుతుగా ఉండేది. తగ్గినదాంట్లో కండ చాలా ఉందని అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదు.

అసలు సంగతి ఇంతే. కొవ్వు తగ్గేది తిండి వల్ల. కండ నిలబడేది బరువులెత్తడం వల్ల, దానికి సరిపడా ప్రొటీన్ వల్ల. నడక, సైకిల్ లాంటి కార్డియో గుండెకి, దమ్ముకి మంచిది, తిండిని మరీ కోసేయకుండా కాపాడుతుంది. మనవాళ్ళు ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు నడక, తర్వాత అన్నం బంద్, బరువులు ఎప్పటికీ ఉండవు.

మొదలుపెట్టకూడనివాళ్ళు, అడిగి మొదలుపెట్టాల్సినవాళ్ళు

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, తిండి తగ్గించేముందు డాక్టర్‌తో డోసు మాట్లాడుకోండి, లేకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు కింద చెప్పిన ప్రొటీన్ లెక్క వాడొద్దు. బీపీ అదుపులో లేనివాళ్ళు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండేవాళ్ళు ముందు చూపించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పద్ధతిని ఇప్పుడు పక్కన పెట్టండి.

కావలసినవి

- వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ తూకం. ఇది తప్పనిసరి, దీని గురించి కింద మళ్ళీ చెప్తాను.
- బరువు చూసుకునే మిషన్, టైలర్ టేపు.
- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకున్నా సరే.
- జిమ్, లేదా ఇంట్లో బరువు మార్చుకునే డంబెల్స్ ఒక జత. రెండూ కుదరకపోతే గట్టి బ్యాక్‌ప్యాక్‌లో 5 కేజీలు, 10 కేజీల బియ్యం సంచులు పెట్టి మొదటి రెండు నెలలు లాగించవచ్చు.
- మడమ దగ్గర అరగని బూట్లు.

ప్రొటీన్ పౌడర్ ఈ జాబితాలో లేదు. కావాలంటే కొనుక్కోండి, లేకపోయినా పని ఆగదు.

1. ముందు వారం రోజులు ఏమీ మార్చకండి, కొలవండి

రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు బరువు చూసి రాయండి. ఏడు రోజుల సగటు తీయండి. ఆ సగటే మీ బరువు, ఏ ఒక్కరోజు అంకె కాదు. బొడ్డు మీదుగా టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక నడుము కొలత రాయండి, పొట్ట లోపలికి పీల్చి కాదు. మన దేశం వాళ్ళకి మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని లెక్క. ఎదురుగా, పక్కనుంచి రెండు ఫోటోలు తీసుకోండి, ఒకే చోట, ఒకే వెలుతురులో.

2. ఎంత తినాలో లెక్క వేయండి

కూర్చుని చేసే ఉద్యోగమైతే మీ బరువుని 28 నుంచి 30తో గుణించండి. రోజుకి దాదాపు అన్ని కేలరీలు తింటే బరువు అక్కడే ఉంటుంది. అందులోంచి 300 నుంచి 400 తీసేయండి. 78 కేజీల మనిషికి సుమారు 2,250 వస్తుంది, అంటే 1,850 దగ్గర మొదలుపెట్టాలి. 58 కేజీల ఆవిడకి 1,680 వస్తే 1,350 దగ్గర. ఎవరైనా సరే సొంతంగా 1,200 కిందికి దిగొద్దు.

త్వరగా తగ్గాలని వెయ్యి కేలరీలు కోసేస్తామంటారు. కోయగలరు, రెండు వారాలు. తర్వాత బరువులెత్తే శక్తి ఉండదు, నిద్ర చెడుతుంది, ఒక ఆదివారం తలుపులు తెంచుకున్నట్టు తినేస్తారు. ఒక కేజీ కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. రోజుకి 400 లోటు పెడితే మూడు వారాలకి ఒక కేజీ పైన కరుగుతుంది. నెమ్మదిగా అనిపిస్తుంది కానీ తగ్గిన ఆ కేజీ చాలావరకు కొవ్వే అవుతుంది, కండ కాదు.

ఇక కొలవడంలో జరిగే తప్పులు. నా అనుభవంలో "ఏం తిన్నా తగ్గట్లేదు" అనే పది మందిలో ఎక్కువమందికి తేడా ఇక్కడే దొరికింది.

బియ్యం వండకముందు తూచండి. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు, అదే 100 గ్రాముల అన్నంలో 130. ఒకటి తూచి ఇంకోదాని లెక్క రాసుకుంటే మొత్తం తారుమారు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. ఇంటిల్లిపాదికీ కలిపి వండితే, మొత్తం అన్నం తూచి మీ వాటా ఎంతో చూసుకోండి. రెండు వారాలు చేస్తే తర్వాత కళ్ళతోనే తెలిసిపోతుంది.

నూనె ఇంకా పెద్ద దొంగ. ఒక గ్రాము నూనెకి 9 కేలరీలు. ఇంట్లో నలుగురుండి నెలకి ఐదు లీటర్లు అవుతుంటే, మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్ల పైనే పడుతుంది, అంటే దాదాపు 340 కేలరీలు పోపులోనే, వేపుడులోనే. మీరు కోయాల్సిన 400లో చాలాభాగం అక్కడే ఉంది, అన్నం ముట్టుకోకుండానే. వంట మీరు చేయకపోతే, చేసేవాళ్ళతో గొడవ పడకండి. సీసాలోంచి నేరుగా పోయకుండా చెంచాతో వేయమని అడగండి, అది చాలు. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, ఆవకాయ మీద తేలే నూనె, ముద్దపప్పులో నెయ్యి కూడా లెక్కలోకే వస్తాయి. మానేయమని కాదు, రాసుకోమని.

టీ కూడా. రెండు చెంచాల పంచదారతో రోజుకి నాలుగు కప్పులంటే పంచదార ఒక్కటే 130 కేలరీల దాకా అవుతుంది.

3. కంచంలో ప్రొటీన్ ముందు పెట్టండి

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. అది లోటు రాకుండా ఉండటానికి. తిండి తగ్గించి బరువులెత్తేవాళ్ళు మాత్రం కేజీకి 1.6 గ్రాముల దాకా తీసుకోవాలి. బరువు బాగా ఎక్కువున్నవాళ్ళు ఇప్పటి బరువుతో కాకుండా చేరాలనుకున్న బరువుతో గుణించండి. పైన చెప్పిన 78 కేజీల మనిషి 72కి రావాలనుకుంటే 115 గ్రాములు.

మన తిండిలో ఎంత దొరుకుతుందో ఇవి గుర్తుపెట్టుకుంటే చాలు. కోడిగుడ్డు ఒకటికి 6 గ్రాములు. ఎముక లేని పచ్చి చికెన్ 100 గ్రాములకి 20 పైన. చేపలు, రొయ్యలు 17 నుంచి 20. పచ్చి కందిపప్పు, పెసలు 100 గ్రాములకి 22 నుంచి 24. పనీర్ 18, కానీ కొవ్వు అంతకన్నా ఎక్కువ. పెరుగు 3. మీల్ మేకర్ పొడిగా తూస్తే 100 గ్రాములకి 50 పైన, ఇంత చవకగా ఇంకేదీ రాదు.

ఇక్కడ ఒక భ్రమ గట్టిగా పాతుకుపోయింది, "మేము రోజూ పప్పు తింటాం, ప్రొటీన్‌కి లోటు లేదు" అని. గరిటెడు పలచని పప్పులో పచ్చి కందిపప్పు 20 గ్రాములు ఉంటే గొప్ప. అంటే 4 గ్రాముల ప్రొటీన్. పప్పుచారులో అదీ ఉండదు. పల్లీలూ అంతే, 100 గ్రాములకి 25 గ్రాముల ప్రొటీన్ నిజమే కానీ దాంతోపాటు 560 కేలరీలు పైన వస్తాయి, కాబట్టి అవి నూనె గింజలు అనే అనుకోండి.

1,850 నుంచి 1,900 కేలరీల్లో, దాదాపు 115 గ్రాముల ప్రొటీన్‌తో ఒక రోజు ఇలా ఉంటుంది.

పొద్దున: 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు చిన్న చెంచాల నూనె, అల్లం పచ్చడి కొంచెం, రెండు ఉడికించిన గుడ్లు.
మధ్యాహ్నం: 80 గ్రాముల బియ్యంతో అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు (పాలకూర, తోటకూర, గోంగూర ఏదైనా వేసి), 150 గ్రాముల చికెన్ కూర, చిన్న గిన్నె పెరుగు. కూర, పోపు అన్నిటికీ కలిపి రెండు చిన్న చెంచాల నూనె.
సాయంత్రం: 30 గ్రాముల శనగలతో గుగ్గిళ్ళు, ఒక టీ.
రాత్రి: రెండు పుల్కాలు, 40 గ్రాముల మీల్ మేకర్ టమాటా కూర, పలచటి మజ్జిగ.

శాకాహారులు చికెన్ బదులు మధ్యాహ్నం మీల్ మేకర్ పెట్టుకుని, రాత్రి 80 గ్రాముల పనీర్, గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు తీసుకోవచ్చు, నూనె మాత్రం ఒక చెంచా తగ్గించాలి. గుడ్లు కూడా తినకపోతే 115 అందుకోవడం కష్టం, వే ప్రొటీన్ (పాల విరుగుడు నీళ్ళ నుంచి తీసే ప్రొటీన్ పౌడర్) ఒక స్కూప్ అక్కడ నిజంగా పనికొస్తుంది. పౌడర్ వద్దనుకుంటే 90, 95 దగ్గర ఆగినా బరువులెత్తుతుంటే కండ చాలావరకు నిలుస్తుంది, టెన్షన్ పడకండి.

అన్నం మానేయక్కర్లేదని గమనించే ఉంటారు. బరువులెత్తే రోజు మధ్యాహ్నం ఇంకో 20 గ్రాముల బియ్యం ఎక్కువ, ఎత్తని రోజు 20 తక్కువ పెట్టుకుంటే ఇంకా మంచిది. ప్రొటీన్ ఒక్కసారిగా పెంచితే మలబద్ధకం రావచ్చు. నీళ్ళు, ఆకుకూరలు, బెండకాయ, దొండకాయ లాంటి కూరలు దాంతోపాటు పెరగాలి.

4. వారానికి మూడు రోజులు బరువులు

సోమ, బుధ, శుక్రవారాలు అనుకోండి. ఒక్కో రోజు 50 నిమిషాలు, ప్రతిసారీ ఒళ్ళంతా. జిమ్‌లో కొత్తవాళ్ళకి సోమవారం ఛాతీ, మంగళవారం వీపు అని ఆరు రోజుల చార్ట్ ఇచ్చేస్తుంటారు. రెండు రోజులు పోతే ఆ కండకి ఆ వారం పనే ఉండదు. మూడు రోజుల పద్ధతిలో ఒక రోజు పోయినా మిగతా రెండు రోజులు అన్నిటికీ పని పడుతుంది.

ఇవి చేయండి, ఒక్కోటి 3 సెట్లు (సెట్ అంటే ఆగకుండా వరసగా చేసే విడత), సెట్‌కి 8 నుంచి 12 సార్లు:

- గాబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకుని కూర్చుని లేవడం)
- డంబెల్ బెంచ్ ప్రెస్ (బెంచీ మీద వెల్లకిలా పడుకుని డంబెల్స్‌ని ఛాతీ మీదనుంచి పైకి నెట్టడం), లేదా పుష్‌అప్స్. నేలమీద రాకపోతే వంటగట్టు మీద చేతులు పెట్టి చేయండి.
- డంబెల్ రో (ముందుకి వంగి డంబెల్‌ని నడుము వైపు లాగడం), లేదా జిమ్‌లో ల్యాట్ పుల్‌డౌన్ (కూర్చుని పైనున్న కడ్డీని ఛాతీ దాకా కిందికి లాగడం)
- రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (డంబెల్స్ పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం, ఎలాగో కింద చెప్తాను)
- షోల్డర్ ప్రెస్ (డంబెల్స్‌ని భుజాల దగ్గరనుంచి తలపైకి ఎత్తడం)
- చివర్లో ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒంటిని పలకలా తిన్నగా నిలపడం), 30 సెకన్లు మూడుసార్లు

ఎంత బరువు? పదిసార్లు ఎత్తాక ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగలను అనిపించేంత. ఇరవైసార్లు మాట్లాడుకుంటూ ఎత్తగలిగితే అది తేలిక, పెంచండి. ఆరోసారికే నడుం వంకర పోతుంటే అది మరీ బరువు, తగ్గించండి. సెట్‌కి సెట్‌కి మధ్య రెండు నిమిషాలు కూర్చోండి. ఆయాసం కోసం పరుగులు పెట్టొద్దు, ఆయాసం కార్డియో పని.

కండ రావాలన్నా, కనీసం పోకుండా ఉండాలన్నా పెంచుకుంటూ పోవడమే దారి. ఉదాహరణకి స్క్వాట్ 10 కేజీలతో 8, 8, 8 దగ్గర మొదలైంది. తర్వాతి వారం 10, 9, 8. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు 12.5 కేజీలకి వెళ్ళి మళ్ళీ 8 నుంచి. ప్రతిదీ నోటుబుక్కులో రాయాలి. రాయనివాళ్ళు ఆరు నెలలు అదే డంబెల్ ఎత్తుతూ ఉండిపోవడం నేను కళ్ళారా చూశాను, పాపం కష్టం మాత్రం రోజూ పడతారు.

డెడ్‌లిఫ్ట్ దగ్గర జాగ్రత్త. వంగేది నడుముతో కాదు, తుంటి వెనక్కి తోస్తూ. వీపు తిన్నగా, మోకాళ్ళు కొంచెం మడిచి, డంబెల్స్ తొడలకి రాసుకుంటూ దిగాలి. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టు, నడుంలో లాగితే ఆపేసి ఖాళీ చేతులతో నేర్చుకోండి. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకుంటే సగం తప్పులు మీకే కనిపిస్తాయి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టడం అసలొద్దు.

మొదటి వారం ఒళ్ళు నొప్పులు మామూలే, రెండో రోజుకి ఎక్కువై నాలుగో రోజుకి పోతాయి. కీలులో సూదిలా గుచ్చే నొప్పి మాత్రం మామూలు కాదు, ఆ వ్యాయామం ఆపేయండి.

ఆడవాళ్ళకి ఒక మాట. బరువులెత్తితే మగవాళ్ళలా కండలు వచ్చేస్తాయని భయపడి గులాబీ రంగు కేజీ డంబెల్స్ దగ్గరే ఆగిపోవద్దు. తక్కువ తింటూ, వారానికి మూడు రోజుల బరువులతో అలా రాదు. వచ్చేది మెట్లెక్కడంలో తేలిక, వీపు నిటారుగా ఉండటం, గ్యాస్ బండ జరపడానికి ఎవరినీ పిలవక్కర్లేకపోవడం.

5. కార్డియో: ముందు అడుగులు, తర్వాతే మిగతావి

ఇప్పుడు రోజుకి ఎన్ని అడుగులు పడుతున్నాయో ఫోన్‌లో చూడండి. 3,000 అయితే 5,000 చేయండి, రెండు వారాలకోసారి వెయ్యి పెంచుకుంటూ 8,000కి చేరండి. భోజనం తర్వాత పది నిమిషాలు, ఫోన్ మాట్లాడుతూ డాబా మీద పది నిమిషాలు, ఇలాగే కూడుతాయి.

దానికి తోడు వారానికి రెండు మూడుసార్లు 30 నిమిషాలు వేగంగా నడక, సైకిల్, ఈత, షటిల్ ఏదైనా. వేగం సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు ఈ నడకలన్నీ కలిపితే వచ్చేస్తాయి. మోకాళ్ళ నొప్పులుంటే సైకిల్ మేలు.

రెండూ ఒకే రోజు చేయాల్సివస్తే బరువులు ముందు, కార్డియో తర్వాత. ట్రెడ్‌మిల్ మీద 40 నిమిషాలు పరిగెత్తి వచ్చి స్క్వాట్ చేస్తే కాళ్ళలో ఏమీ మిగలదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే ముగించండి, మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి. తల తిరిగితే వెంటనే నీడకి.

వాచీ చూపించే "ఖర్చైన కేలరీలు" తిండిలోకి తిరిగి కలుపుకోకండి. అవి చాలాసార్లు ఎక్కువ చూపిస్తాయి. 600 కరిగాయని చూపించిందని రెండు మిరపకాయ బజ్జీలు, ఒక పునుగుల ప్లేటు తింటే ఆ రోజు లోటు అక్కడే తీరిపోయింది.

వారంలో మూడు గంటలే దొరుకుతాయా? రెండు రోజులు బరువులు, మిగిలినదంతా నడక. దొరికేది రెండు గంటలే అయినా బరువులు వదలొద్దు, నడక తగ్గించుకోండి.

6. నిద్ర, ఆదివారం

నిద్ర ఏడు గంటలు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసేవాళ్ళకి మర్నాడు ఆకలి ఎందుకు ఆగదో వేరే కారణం వెతకక్కర్లేదు. నైట్ షిఫ్ట్ వాళ్ళు లేచిన టైమ్‌నే పొద్దున అనుకుని ఇదంతా జరుపుకోండి.

ఆదివారం లెక్క చూడండి. ఆరు రోజులు 400 చొప్పున 2,400 లోటు పెట్టారు. ఆదివారం పొద్దున పూరీ, మధ్యాహ్నం బిర్యానీ కడుపు పగిలేలా, కూల్‌డ్రింక్, సాయంత్రం డబల్ కా మీఠా. 1,500 పైన ఎక్కువ తినడం చాలా తేలిక. వారం కష్టంలో సగానికి పైగా ఒక్క రోజులో పోయింది. బిర్యానీ తినండి, కానీ ఆ రోజు పొద్దున రెండు గుడ్లు, పెరుగుతో సరిపెట్టి, బిర్యానీలో ముక్కలు ముందు తినేసి అన్నం ఒక ప్లేటు దగ్గర ఆపి, తీపి, కూల్‌డ్రింక్ రెండింట్లో ఒకటి వదిలేయండి. పెళ్ళిళ్ళకీ ఇదే.

7. పనిచేస్తోందా లేదా చూసుకోండి

వారం వారం బరువు సగటు, నడుము కొలత, ఎత్తిన బరువులు మూడూ పక్కపక్కన రాయండి. మొదటి వారంలో కేజీన్నర తగ్గితే సంబరపడకండి, అందులో ఎక్కువ నీళ్ళే. అలాగే ఆవకాయ అన్నం తిన్న మర్నాడు కేజీ పెరిగితే అదీ నీళ్ళే. ఆడవాళ్ళు పీరియడ్ ముందు వారాన్ని గత నెలలో అదే వారంతో పోల్చండి.

బరువు కదలట్లేదు కానీ నడుము తగ్గుతోంది, ఎత్తే బరువు పెరుగుతోంది: ఏమీ మార్చొద్దు. కొవ్వు పోతోంది, కండ వస్తోంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి, మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళకి ఇది బాగా జరుగుతుంది.

వారానికి కేజీ పైనే తగ్గుతూ, ఎత్తే బరువు కూడా పడిపోతోంది: కండ పోతోంది. 200 కేలరీలు కలపండి, అన్నం రూపంలోనే కలపండి. కార్డియో ఒక రోజు తీసేయండి.

మూడు వారాలుగా బరువూ కదల్లేదు, నడుమూ కదల్లేదు: ముందు తిండి కోయొద్దు, ఒక వారం నూనె, బియ్యం, చిరుతిండి మళ్ళీ నిజాయితీగా తూచండి. అప్పటికీ కదలకపోతే 150 కేలరీలు తగ్గించండి లేదా రోజుకి 2,000 అడుగులు పెంచండి. రెండూ ఒకేసారి వద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

జిమ్‌లో ఎక్కి నిలబడితే కొవ్వు శాతం చెప్పే మిషన్ మీద ఆధారపడకండి. నీళ్ళు తాగి ఎక్కితే ఒక అంకె, చెమట పట్టాక ఎక్కితే ఇంకో అంకె. టేపే నమ్మండి. పొట్ట వ్యాయామాలు వందలు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందని, నడుముకి చెమట బెల్టు కడితే తగ్గుతుందని ఎవరైనా అంటే డబ్బులు పెట్టొద్దు. కొవ్వు కరిగించే మాత్రలు, పేరూ ఊరూ లేని పొడులు అసలే వద్దు. పనికొచ్చే సప్లిమెంట్ ఒకటి చెప్పమంటే క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకి 3 నుంచి 5 గ్రాములు, అదీ కిడ్నీలు బాగున్నవాళ్ళకే. మొదట్లో కండల్లో నీళ్ళు పట్టి ఒక కేజీ పెరగొచ్చు, కంగారుపడి మానేయకండి.

పన్నెండు వారాలయ్యాక రెండు వారాలు లోటు ఆపి, బరువు నిలబడేంత తినండి. బరువులెత్తడం మాత్రం అలాగే సాగాలి. ఆ రెండు వారాల సగటు బరువుతో రెండో మెట్టులోని గుణకారం మళ్ళీ చేయండి, ఎందుకంటే 78 కేజీలప్పటి 1,850తో ఇప్పుడు 72 దగ్గర లోటు దాదాపు సగానికి తగ్గిపోయి ఉంటుంది.